ఏడాదికో పంట... నెలనెలా కిస్తీ

1813లో లండన్‌లో కామన్స్ సభ కమిటీ ముందు ఒక మాజీ కలెక్టరు సాక్ష్యం చెప్పాడు. పేరు థామస్ మన్రో. అంతకు ముందు, 1800 నుంచి 1807 దాకా, మన దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా పనిచేసి వెళ్ళినవాడు. ఈ ప్రాంతపు రైతు ఏం పండిస్తాడో, ఏం తింటాడో, ఏం కట్టుకుంటాడో దగ్గరి నుంచి చూసినవాడు. ఈస్టిండియా కంపెనీ చార్టరును తిరగరాసుకునే ఆ వేళ పార్లమెంటు సభ్యులకు ఉన్నది ఒకటే యావ: ఇంగ్లండు సరుకు ఇండియాలో బాగా అమ్ముడవుతుందా లేదా? మన్రో వాళ్ళ ఉత్సాహం మీద నీళ్ళు చల్లాడు. అక్కడి జనానికి కావలసినవే తక్కువ, ఆ కాసిన్నీ వాళ్ళ దగ్గరే తయారవుతాయి, చేతిలో డబ్బూ ఆడదు, అలవాట్లూ అంత తొందరగా మారవు అన్నాడు. తాను ఏడేళ్ళుగా వాడుతున్న ఇండియా శాలువా చెక్కుచెదరలేదనీ, ఐరోపా శాలువా ఊరికే ఇచ్చినా కప్పుకోననీ కూడా చెప్పాడు.

రాయలసీమలో చాలాకాలం పిల్లలకు మండ్రోలప్ప, మండ్రోలమ్మ అని పేర్లు పెట్టుకున్నది ఈయన తలంపుతోనే. పన్ను వసూలు చేసే దొర పేరు బిడ్డకు పెట్టుకున్న జనం ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉన్నారో లేదో గానీ, మన దగ్గర ఉన్నారు.

ఆ మండ్రోలయ్య ఇప్పుడు మైదుకూరు నాలుగు రోడ్ల కూడలిలో దిగితే ఏమంటాడు? కడప, బద్వేలు, ప్రొద్దుటూరు, నంద్యాల దారులు కలిసే ఊరు ఇది. విత్తనాలూ ఎరువుల అంగడి పక్కనే సెల్‌ఫోన్ల అంగడి, దాని పక్కనే మోటారుసైకిళ్ళ షోరూము, పైఅంతస్తులో బంగారం మీద అప్పిచ్చే కంపెనీ బోర్డు. జనానికి కావలసినవి తక్కువ అన్న మాట వెనక్కి తీసుకోక తప్పదు. అయితే జనం ఎక్కువగా కొంటున్నారనే సంగతి ఎవరైనా చెప్పగలరు. అంతకంటే పెద్ద మార్పు ఇంకొకటి జరిగింది. ఈ ప్రాంతంలో ఖర్చుకు ఏడాది లెక్క ఉండేది. దాని స్థానంలో నెల వచ్చి కూర్చుంది. పంట మాత్రం ఇంకా ఏడాది లెక్కలోనే ఉంది.

ఏడాది లెక్క అంటే ఏమిటో అరవై దాటినవాళ్ళను కదిపితే చెబుతారు. కొత్తబట్టలు ఏడాదికి ఒకసారి, మహా అయితే రెండుసార్లు. ఉగాదికో సంక్రాంతికో, తురకలిండ్లల్లో రంజానుకో. దర్జీకి కొలతలిచ్చేటప్పుడు పిల్లోడి నాయన పక్కన నిలబడి "ఎదిగే పిల్లోడు, రెండు వేళ్ళు వదులు పెట్టప్పా" అనేవాడు. ఆ రెండు వేళ్ళ వదులు మూడో ఏటికి సరిపోయేది. అప్పటికి చొక్కా తమ్ముడికి పోయేది. ఆ తరువాత మసిగుడ్డ. కమ్మరికి, వడ్రంగికి, చాకలికి, మంగలికి కూలి రోజువారీ లేదు, కల్లంలో కొలిచిచ్చే గింజల మేర ఉండేది. ఉప్పు, కిరసనాయిలు, అగ్గిపెట్టె, బెల్లం లాంటివాటికే అంగడి. వాటికీ డబ్బే తేవాలనే నియమం లేదు. పిల్లలు ఒడి నిండా చెనిక్కాయలు పోసుకుపోయి, తక్కెట్లో పోసి, బొరుగులుండలు చేతపట్టుకుని వచ్చేవాళ్ళు. ఆ తూకంలో ఎవరికి లాభమో అడగక్కర్లేదు.

పెద్ద సరుకైతే పద్దు. పొడుగ్గా, ఎర్రటి అట్టతో, నిలువుగా మడిచే ఆ పుస్తకంలో ప్రతి ఇంటికీ ఒక పుట. "ఈ తూరి పసుపు అమ్మినాక ఇస్తాలే సెట్టీ" అంటే చాలు, సరుకు సంచిలో పడేది. వడ్డీ కనిపించేది కాదు, ధరలో కలిసి ఉండేది. పంట కొనేవాడూ అప్పిచ్చేవాడూ ఒకడే అయితే రైతు ధర అడిగే నోరు పోగొట్టుకునేవాడు. అందుకే పద్దు పుస్తకం తల్చుకుని ఎవరైనా నిట్టూరిస్తే నాకు సగమే నచ్చుతుంది. కాకపోతే ఆ పుస్తకం రాసేవాడికి వాన రాలేదని తెలుసు. కాలువ చివరి చేలకు నీళ్ళు అందలేదని తెలుసు. వాడి ఇల్లూ అదే వీధిలో. ఎండిన ఏడు బాకీ పై ఏటికి జరిగేది. మనసు మంచిదై జరిపేవాడా అంటే చెప్పలేం. జరపకపోతే పై ఏటికి గిరాకీ ఉండదని మాత్రం వాడికి తెలుసు.

సంసారం మారిన తీరు కళ్ళారా చూడాలంటే వంటింటి సామానును పట్టుకోవాలి. మైదుకూరు మండలంలో వనిపెంట ఇత్తడి పనికి పేరుపడ్డ ఊరు. పెళ్ళికూతురి సారెలో ఇత్తడి బిందె, గంగాళం, చెంబులు ఉండాల్సిందే. బిందె మెడ మీద పిల్ల పేరో, ఇచ్చినవాళ్ళ పేరో చుక్కలు చుక్కలుగా కొట్టించేవాళ్ళు. ఆ బిందె పిల్ల ముసలిదై మనవరాలికిచ్చేదాకా బతికేది. సొట్టపడితే సాపు చేయించేవాళ్ళు. లోపల పులుపు తగిలి కిలుం పడితే వీధిలోకి వచ్చిన కళాయిపోసేవాడి కొలిమి దగ్గర వరస కట్టేవాళ్ళు. నవాసారం వాసన, ముక్కు మండే పొగ, గుడ్డతో ఒక్క తిప్పు తిప్పితే గిన్నె లోపల వెండిలా మెరిసే తగరం. పిల్లలకు అది ఖర్చులేని వినోదం.

తరువాత స్టీలు వచ్చింది. తోమితే తళతళ, కళాయి అక్కరలేదు, చింతపండు పులుసుకు భయం లేదు. పాత ఇత్తడి తూకానికి వేసి స్టీలు తెచ్చుకున్నారు. తూకం చూడండి: నాలుగు కిలోల గంగాళం పోయి, కిలో కూడా తూగని పల్చటి స్టీలు గిన్నెల దొంతర వచ్చేది. అయినా ఆడవాళ్ళు సంబరపడ్డారు, పడాల్సిందే. నిండు ఇత్తడి బిందె చంకన పెట్టుకుని బావి నుంచి ఇంటిదాకా మోసినవాళ్ళకు తెలుసు ఆ బరువు. ఆ తరువాత ప్లాస్టిక్ బిందె వచ్చి ఆ బరువునూ తీసేసింది. పాత పంచెలకు, చీరలకు స్టీలు గిన్నెలు, తలవెంట్రుకలకు ప్లాస్టిక్ డబ్బాలు ఇచ్చేవాళ్ళు గంపలెత్తుకుని వీధుల్లో తిరిగారు. పాతది పారేయడమనేది లేని ఇండ్లల్లో, పాతదాన్ని ఇచ్చి కొత్తది తెచ్చుకోవడమనే అలవాటు మొదట ఆ గంపల దగ్గరే పుట్టిందని నాకు అనిపిస్తుంది. ఇవాళ సెల్‌ఫోన్ల అంగట్లో కనిపించే ఎక్స్ఛేంజ్ బోర్డు ఆ గంపకు మనవడు. ఇత్తడి మాత్రం దేవుడి గూట్లోకి, గుళ్ళలోకి వెళ్ళిపోయింది.

మైదుకూరు నుంచి ఇరవై కిలోమీటర్లు పోతే ప్రొద్దుటూరు. రెండో బొంబాయి అని చుట్టుపక్కల జిల్లాల్లో పేరు. ఒకప్పుడు పత్తి, నీలిమందు వ్యాపారంతో ఎదిగిన ఊరు. 1897లో జర్మనీ వాళ్ళు ఫ్యాక్టరీ నీలిరంగును అమ్మకానికి తెచ్చాక దేశమంతటా నీలిమందు సాగు పడిపోయింది. ప్రొద్దుటూరులో మాత్రం వ్యాపారం చేసే బుద్ధి అట్లాగే ఉండి, పోనుపోను బంగారం మీద నిలబడింది. పెళ్ళి ఖాయమైతే జమ్మలమడుగు, పులివెందుల, మైదుకూరు, బద్వేలు ఎటుపక్క నుంచైనా బంగారానికి బస్సు దిగేది ఇక్కడే. అది ఒక్కరోజు కొనుగోలు కాదు, కుటుంబం మొత్తం కదిలే యాత్ర. పిల్ల తల్లి, మేనత్త, తూకం తెలిసిన ఒక పెద్దమనిషి, తెలిసిన అంగడి. మధ్యాహ్నం భోజనం హోటల్లో. పిల్ల మాత్రం చాలాసార్లు వచ్చేది కాదు. నగ ఎట్లుండాల్లో పెద్దవాళ్ళే తేల్చేవాళ్ళు.

బంగారం మీద ప్రభుత్వం కన్నెర్ర చేసిన రోజులూ ఈ ఊరు చూసింది. చైనా యుద్ధం ముగిసిన వెంటనే, 1963 జనవరిలో, మొరార్జీ దేశాయ్ ఆర్థికమంత్రిగా ఉండగా బంగారం నియంత్రణ నిబంధనలు వచ్చాయి. కొత్త నగలు 14 క్యారెట్లకు మించి చేయకూడదన్నారు. మేలిమి బంగారమే నగ అనుకునే దేశంలో ఆ మాట ఎవరి చెవికి ఎక్కుతుంది? దెబ్బతిన్నది కంసాలి కుటుంబాలు. దేశం మీద ఎందరో కుంపటి ఆర్పుకుని వేరే పనులు వెతుక్కున్నారు. 1968లో చట్టమే చేశారు, 1990లో రద్దు చేశారు. ఇంతా చేసి జనం బంగారం మీద మనసు మార్చుకున్నారా అంటే, ఒక్క గ్రాము కూడా మార్చుకోలేదు.

మారింది కొనే పద్ధతి. పంట వచ్చిన ఏడు తులమో రెండు తులాలో కొనడం పాత పద్ధతి. ఇప్పుడు నెలకింత కట్టే స్కీము. పదకొండు నెలలు కడితే పన్నెండో నెల నగ. పదకొండే ఎందుకని ఎప్పుడైనా అనుమానం వచ్చిందా? కంపెనీలు సరుకు కోసం ముందుగా తీసుకున్న సొమ్ముకు 365 రోజుల్లోగా సరుకు ఇచ్చేయాలి, లేకపోతే అది డిపాజిట్ కింద లెక్కకొస్తుందని 2014 నాటి నిబంధన. దాన్ని దాటకుండా ఉండడానికే ఆ పదకొండు. అట్లా బంగారంలోకి కూడా నెల ప్రవేశించింది.

ఇంతకూ ఆ నెల ఎక్కడి నుంచి వచ్చింది? ఒక్క దారిన రాలేదు. మొదట ఉద్యోగాల దారిన వచ్చింది. ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు, ముద్దనూరు దగ్గర 1990లలో థర్మల్ కేంద్రం, పులివెందుల పక్కన తుమ్మలపల్లె యురేనియం. ఒకటో తేదీన జీతం తీసుకునే ఇంటికీ, కల్లంలో రాశి ఎదురుగా కూచునే ఇంటికీ మధ్య కొనుగోలు తేడా ఒకే వీధిలో కనిపించసాగింది. ఇంకో దారి కువైటు. కడప జిల్లా నుంచి అక్కడికి పోయినవాళ్ళకు లెక్కలేదు. టేపురికార్డరు, సెంటు సీసా, మిలమిలలాడే దుప్పటి, ఇవన్నీ చాలా పల్లెలకు బజారు నుంచి కాక సూట్‌కేసులోంచి వచ్చాయి. నెలనెలా డ్రాఫ్టు వచ్చే ఇల్లు ఊళ్ళో మొదట మిద్దె పగలగొట్టి స్లాబు వేసిన ఇల్లు. మూడో దారి చదువు. 2008 నాటి ఫీజు రీయింబర్స్‌మెంటు తరువాత ఇంజినీరింగు చదివి బెంగళూరుకో హైదరాబాదుకో పోయిన పిల్లలు నెల జీతపు అలవాట్లను సెలవులకు ఇంటికి మోసుకొచ్చారు. "నాయనా, ఫ్రిజ్జుకు డబ్బంతా ఒక్కసారి ఎందుకు, నెలకింతని కడదాం" అన్నది వాళ్ళే.

కూలి ఇళ్ళకు నెల రాలేదు, రోజు వచ్చింది. ఈ సంగతి మనవాళ్ళు తక్కువగా పట్టించుకుంటారు. 1980లలో షాంపూ చిన్న ప్యాకెట్టులోకి దిగింది. తమిళనాడు నుంచి వచ్చిన ఆ ఎత్తుగడ కుంకుడుకాయకు కాలం చెల్లించింది. సీసా కొనలేని ఇల్లు ప్యాకెట్టు కొంది. అంగడి ముందు తోరణాలుగా వేలాడే ప్యాకెట్లు ఆనాటి నుంచే. షాంపూ, కాఫీపొడి, అల్లంవెల్లుల్లి ముద్ద, కొబ్బరినూనె, ఒకటొకటిగా అన్నీ ప్యాకెట్టులోకి వచ్చాయి. ఒక్క రోజుకు సరిపడా కొనేవాడికి సరుకు ఎప్పుడూ ఖరీదే. కానీ రోజుకూలి చేతికొచ్చేవాడు వేరే ఎట్లా కొంటాడు? 2006 ఫిబ్రవరిలో పక్కనున్న అనంతపురం జిల్లా బండ్లపల్లెలో మొదలైన ఉపాధి హామీ, అంతకుముందే పల్లెపల్లెనా పెరిగిన డ్వాక్రా సంఘాలు ఆడవాళ్ళ పేరు మీద డబ్బు తెచ్చాయి. ఇంట్లో ఏం కొనాలో నిర్ణయించే చేయి మారింది. మిక్సీ, గ్యాసు పొయ్యి, పిల్లకు స్కూలు బూట్లు ఆ చేయి కొన్నవే. పాతకాలంలో ఖర్చు తక్కువని మురిసేవాళ్ళు, ఆ తక్కువ ఖర్చు వెనక రోకలి ఎవరి చేతిలో ఉండిందో కూడా చెబితే బాగుంటుంది.

తిండి సంగతికొస్తే మార్పు లెక్కల్లోనూ కనిపిస్తుంది. కేంద్ర గణాంక శాఖ 2022-23 గృహ వినియోగ సర్వే ప్రకారం దేశంలో పల్లె కుటుంబం ఖర్చులో తిండి వాటా 46 శాతం. 1999-2000లో అది 59 శాతం. బియ్యం, జొన్నలు, గోధుమల వంటి ధాన్యాల మీద పెట్టేది వందకు ఇరవై రెండు రూపాయల నుంచి అయిదుకు పడిపోయింది. తిండి ఖర్చులో అన్నిటికంటే పెద్ద పద్దు ఇప్పుడు పానీయాలు, తినుబండారాలు, బయటి తిండి. పల్లెల్లో తలసరి నెల ఖర్చు దేశం మొత్తం మీద 3,773 రూపాయలైతే ఆంధ్రప్రదేశ్‌లో 4,870. మన పల్లె దేశపు సగటు పల్లె కంటే గట్టిగానే ఖర్చు పెడుతోంది.

ఈ లెక్కల మధ్య ఒక వింత ఉంది. కడప సీమలో పేదింటి ముద్ద రాగిసంగటి. కొర్రన్నం, జొన్నరొట్టె కూడా అంతే. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చాక వరన్నం రోజువారీ అయింది, సంగటికట్టె అటకెక్కింది. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళకు సంగటి పెడితే తలవంపులనుకున్న కాలం ఒకటి నడిచింది. ఇప్పుడు అదే సంగటి, నాటుకోడి పులుసుతో కలిపి, హైవే హోటల్లో బోర్డు మీద పెద్దక్షరాల్లో ఉంటోంది. కొర్రలు అందమైన ప్యాకెట్లో, సన్నబియ్యం కంటే ఎక్కువ ధరకు అమ్ముడవుతున్నాయి. ఇంట్లో ఉన్నప్పుడు విలువలేనిది అంగట్లోకి చేరగానే గొప్పదయింది. కొర్ర పండించే చేలు మాత్రం ఆ మేరకు పెరగలేదు.

ఇక డబ్బు చేతులు మారే తీరు. 2016 ఒక్క ఏడే రెండు దెబ్బలు కొట్టింది. సెప్టెంబరులో చవక డేటా, నవంబరు 8న పెద్దనోట్ల రద్దు. ఇవాళ సంతలో కొత్తిమీర కట్ట అమ్మే అవ్వ ముందు కూడా క్యూఆర్ అట్ట, "పడిందా అవ్వా?" అన్న ప్రశ్న. పడిన డబ్బు కనిపించదు, చేతిలో నోటు తరగడమూ కనిపించదు. పైటకొంగు ముడి విప్పడానికి పట్టే ఆ కాస్త సేపట్లో కొన్ని కొనుగోళ్ళు ఆగిపోయేవి. ఇప్పుడు ఆగవు.

ఇప్పుడు మళ్ళీ పంట దగ్గరికి వద్దాం. మైదుకూరు, దువ్వూరు వైపు కేసీ కాలువ కింద పసుపు వేస్తారు. నాటిన దగ్గర్నుంచి తవ్వేదాకా ఎనిమిది తొమ్మిది నెలలు. తవ్వాక ఉడకబెట్టాలి, ఎండబెట్టాలి, మెరుగుపెట్టాలి, ఆ తరువాతే మార్కెట్టు. అంటే పసుపు భూమిలో ఉండగానే ఎనిమిది తొమ్మిది కిస్తీల తేదీలు వచ్చి పోతాయి. పులివెందుల పక్క చీనీ తోటైతే కాపుకు రావడానికే నాలుగైదేళ్ళు. మోటారుసైకిలు కిస్తీ, ఫోను కిస్తీ, పిల్లోడి కాలేజీ హాస్టలు ఫీజు ఈ చెట్టుకూ చేనుకూ ఆగవు. తేదీ దాటితే బ్యాంకులో చెక్కు తిరిగొచ్చినందుకు ఒక రుసుము, అప్పిచ్చినవాడికి ఇంకో రుసుము. 2018-19లో జరిగిన జాతీయ సర్వేలో ఆంధ్రప్రదేశ్ రైతు కుటుంబాల్లో 93.2 శాతానికి అప్పుంది. సగటు బాకీ రెండు లక్షల నలభై అయిదు వేల పైచిలుకు, దేశంలోకెల్లా ఎక్కువ. దేశపు సగటు 74 వేలు. ఈ అప్పంతా ఫ్రిజ్జులకూ ఫోన్లకూ అయిందని అనుకునేవాళ్ళున్నారు. బోరు వేయించినవాళ్ళనూ, ఆసుపత్రి బిల్లు కట్టినవాళ్ళనూ, ఫీజు కట్టినవాళ్ళనూ అడగాలి.

ఏడాదికీ నెలకూ మధ్య ఉన్న ఆ సందును పూడ్చేది ప్రొద్దుటూరులో కొన్న ఆ బంగారమే. విత్తనాల వేళ మెడలో గొలుసు బ్యాంకుకు పోతుంది, పంట అమ్మినాక తిరిగొస్తుంది, రావాలి. నడుమ పెళ్ళి పడితే తిప్పలు. మేనల్లుడి పెళ్ళికి బోసి మెడతో ఎట్లా పోవడం? చేబదులు తెచ్చి బ్యాంకు బాకీ తీర్చి నగ విడిపించి, నాలుగు రోజులు పెట్టుకుని, అయిదో రోజు మళ్ళీ బ్యాంకులో పెట్టి చేబదులు తీర్చడం. ఆ నాలుగు రోజులకు నూటికి ఇంతని వడ్డీ వేరే. పెళ్ళి ఫోటోల్లో ధగధగ మెరిసే నగల్లో ఎన్ని ఇట్లా సెలవు మీద వచ్చినవో ఎవరి ఇంటివాళ్ళకు వాళ్ళకే తెలుసు. 2000లో పది గ్రాములు నాలుగున్నర వేల లోపు ఉన్న బంగారం 2025 ఏప్రిల్లో లక్ష దాటింది. అదే గొలుసుకు ఇప్పుడు ఎన్నో రెట్లు అప్పు పుడుతుంది. చాలా ఇండ్లల్లో దీన్ని కలిసొచ్చిందనే అనుకుంటున్నారు. కొత్తగా పెళ్ళి చేయాల్సిన ఇంట్లో మాత్రం అనుకోవడం లేదు. అక్కడ తులాల లెక్క తగ్గుతోంది, గ్రాముల లెక్క మొదలైంది.

అప్పిచ్చేవాళ్ళకు రైతు ఏడాది తెలియదా అంటే బాగానే తెలుసు. ట్రాక్టరు అప్పును చూడండి. నెలనెలా కాదు, ఆరు నెలలకో కిస్తీ, పంట చేతికొచ్చే వేళకు తేదీ పెడతారు. నెలకు పెడితే డబ్బు వసూలు కాదని కంపెనీలకు తెలిసే ఆ పద్ధతి వచ్చింది. అదే రైతు, అదే చేను, అదే పసుపు. ఇంట్లోకి వచ్చిన మోటారుసైకిలుకూ, ఫోనుకూ, పిల్లోడి ఫీజు కోసం తీసుకున్న అప్పుకూ ఆ ఆరు నెలల పద్ధతి ఎందుకు లేదో మైదుకూరు కూడలిలో వరసగా ఉన్న ఏ బోర్డు కిందైనా అడగొచ్చు. ఫారం మీద తేదీ ముందే అచ్చయి ఉంటుంది.